బూజుకు బెల్లం పెట్టి, కట్టె కుళ్ళలేదంటే ఎలా?

సంక్రాంతి వెళ్ళాక గుంటూరు నుంచి అమరావతి రోడ్డెక్కండి. గోరంట్ల, లాం దాటి ముందుకు పోతుంటే రెండు పక్కలా రేగడి చేలల్లో పీకిన పత్తి కట్టె పోగులు కనిపిస్తాయి. పొద్దు గూకే వేళకు ఒక్కొక్క పోగూ అంటుకుంటుంది. ఎందుకు తగలబెడుతున్నారని ఏ గట్టు మీది రైతును అడిగినా జవాబు ఇంచుమించు ఒకటే: "ఈ కట్టె ఏ కాలానికి కుళ్ళుద్దండీ? మందు పోసి చూశాం. బెల్లం కూడా బాగానే దట్టించాం. ఏం లాభం లా."

ఈ జవాబులో రెండు నమ్మకాలున్నాయి. పత్తి కట్టె కుళ్ళదనేది మొదటిది. కుళ్ళబెట్టే శక్తంతా సీసాలోనో పొట్లంలోనో ఉంటుందని, బెల్లం ఎంత పోస్తే ఆ శక్తి అంత పెరుగుతుందని రెండోది. రైతు ఒక్కడే ఇలా నమ్మితే ఇంత పొడుగు వ్యాసం రాసే పని లేదు. కొట్టులో పొట్లం అమ్మేవాడు అదే చెబుతాడు. ఫోనులో తిరిగే వీడియో అదే చెబుతుంది. చదువుకున్నవాళ్ళు కూడా "ఇంకా పవర్‌ఫుల్ కల్చర్ రావాలి" అంటూ అదే మాటను ఇంగ్లీషు కలిపి చెబుతారు. రెండు నమ్మకాలూ తప్పే. పైగా రెండోదాన్ని నమ్మి చేసిన పని బెడిసికొట్టడం వల్లే మొదటిది బలపడుతోంది.

అవతలి పక్షం మాటలో నిజం లేకపోలేదు. పత్తి కట్టె మొండిది. వరిగడ్డిలా నాలుగు వానలకు మెత్తబడదు. చూడటానికి మొక్కే గాని, లోపలంతా కలప. సెల్యులోజ్ పోగులు, వాటిని అల్లుకుని హెమీసెల్యులోజ్, ఆ రెంటినీ బిగించి పట్టిన లిగ్నిన్. ఒక తరం కిందట ఈ కట్టెను కుళ్ళబెట్టాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు, ఎందుకంటే అది నేరుగా పొయ్యిలోకి పోయేది. 1999లో దీపం పథకంతో మొదలై గ్యాసు బండ పల్లెపల్లెకూ చేరాక కట్టె మోపును అడిగేవాళ్ళు లేకుండా పోయారు. హెక్టారుకు రెండు మూడు టన్నుల వంటచెరుకు అలా చెత్తగా మారింది. చెత్తను వదిలించుకోవడానికి అగ్గిపుల్ల కన్నా చవకైన సాధనం లేదు. రైతు లెక్కలో తప్పులేదు. ఆ లెక్కకు ఆధారమైన సమాచారంలోనే తప్పుంది.

మార్కాపురం, గిద్దలూరు దాటితే నల్లమల. అక్కడ విరిగిపడిన కొమ్మ మీద ఎవరూ మందు పోయరు, బెల్లం నీళ్ళు చల్లరు. అయినా ఆ కొమ్మ కొన్నేళ్ళకు నేలలో కలిసిపోతూనే ఉంది. పత్తి కట్టె కన్నా గట్టి కలప కూడా అక్కడ కుళ్ళుతోంది. కుళ్ళబెట్టే బూజు మన నేలలోనూ ఉంది. దాని పనితీరు తెలియక, పని చెయ్యనివ్వకుండా అడ్డుపడుతున్నది మనమే.

ఆ పనితీరు బయటపడిన కథ కూడా పత్తితోనే మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో దక్షిణ పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైన్యానికి నూలు గుడారాలు, బట్టలు చివికిపోవడం పెద్ద బెడద అయింది. బోగన్‌విల్ దీవిలో కుళ్ళిన గుడారపు గుడ్డ నుంచి వేరుచేసిన ఒక శిలీంధ్రానికి క్యూఎం6ఎ అని గుర్తు పెట్టారు. సైన్యం ప్రయోగశాలలో ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ దాని మీద దశాబ్దాల పాటు పనిచేశారు. మొదట దాన్ని ట్రైకోడెర్మా విరిడి అనుకున్నారు. మన కొట్లలో పొట్లం మీద కనబడే పేరే అది. వేరే జాతి అని 1977లో తేల్చి, రీస్ పేరు మీదుగా ట్రైకోడెర్మా రీసై అన్నారు. సెల్యులోజ్‌ను కోసే ఎంజైమ్‌లు తయారుచేసే పరిశ్రమ ఈనాటికీ చాలావరకు ఆ గుడారపు బూజు సంతతి మీదే నడుస్తోంది.

2008లో దాని జన్యువుల చిట్టా విప్పినప్పుడు ఒక వింత తేలింది. సెల్యులోజ్‌ను కోసే ఎంజైమ్‌ల జన్యువులు దానికి తోటి శిలీంధ్రాల కన్నా తక్కువే ఉన్నాయి. అయినా పరిశ్రమల్లో పెంచే రకాలు లీటరు ద్రవంలోకి వంద గ్రాములకు పైగా ప్రోటీన్‌ను స్రవిస్తాయి. కత్తులు తక్కువైనా కోత ఇంత ఎలా సాగుతోందంటే, ఆ కత్తులు ఎప్పుడు తియ్యాలి, ఎన్ని తియ్యాలి, ఎంత వేగంగా బయటికి పంపాలి అన్న ఏర్పాటులోనే దాని సత్తా ఉంది. "బలమైన కల్చర్" కోసం వెతికేవాళ్ళు గమనించాల్సింది దీన్ని.

ఆ ఏర్పాటు ఎలా నడుస్తుందో మిరప రైతుకు చెప్పడం తేలిక. కోతకు ముఠాను పిలిచే ముందు రైతు ఒకసారి చేను చూసొస్తాడు. పండు కాయ ఎంత ఉందో చూడకుండా ముప్పై మందిని ఆటో ఎక్కించడు, ఎందుకంటే కాయ ఉన్నా లేకపోయినా కూలి ఇవ్వాలి. బూజుదీ అదే లెక్క. ఎంజైమ్ అంటే ప్రోటీన్. ప్రోటీన్ కట్టాలంటే నత్రజని కావాలి, శక్తి కావాలి. పైగా ఒకసారి బయటికి వదిలిన ఎంజైమ్ మళ్ళీ చేతికి రాదు. అందుకే బూజు తేరగా ఎంజైమ్ వదలదు.

మరి చుట్టూ సెల్యులోజ్ ఉందని దానికి ఎలా తెలుస్తుంది? సెల్యులోజ్ నీళ్ళలో కరగదు, కణంలోకి దూరదు. బూజుకు కళ్ళు లేవు. అందుకని అది ఎప్పుడూ కొద్దిపాటి ఎంజైమ్‌ను బయట కాపలా ఉంచుతుంది. ఆ కాపలా ఎంజైమ్ సెల్యులోజ్‌ను కాస్త కొరికితే సెల్లోబయోజ్ అనే రెండు గ్లూకోజ్‌ల జంట ఊడిపడుతుంది. అందులో కొంత సోఫోరోజ్‌గా మారుతుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఇందులోనూ ఉన్నవి అవే రెండు గ్లూకోజ్‌లు, కాకపోతే ముడి వేరే చోట పడుతుంది. ఈ ముడి మారిన చక్కెరే కబురు. అది లోపలికి చేరితే జైర్-1 అనే ప్రోటీన్ మేల్కొని ఎంజైమ్ జన్యువులన్నిటినీ ఒక్కసారి నడిపిస్తుంది. జైర్-1ను తీసేసిన బూజు సెల్యులోజ్ కుప్ప మీద కూర్చోబెట్టినా దాన్ని కొయ్యలేదు. సోఫోరోజ్ సంగతి మాండెల్స్, రీస్ బృందం 1962లో ప్రకటించింది. గ్లూకోజ్ పొడిలో కల్తీగా మిగిలిన రవ్వంత సోఫోరోజ్ వల్లే బూజు ఎంజైమ్ చేస్తోందని వాళ్ళు పట్టుకున్నారు. అంటే పని చేయించింది గ్లూకోజ్ కాదు, గ్లూకోజ్‌లోని మలినం.

అసలు చక్కెర ఏం చేస్తుందో చూస్తే మన బెల్లం సంగతి తేలిపోతుంది. ఆకలి రుచి ఎరుగదంటారు గాని, బూజుకు రుచి బాగా తెలుసు. గ్లూకోజ్ దొరుకుతున్నంతసేపు అది సెల్యులోజ్ జోలికి పోదు. క్రీ-1 అనే మరో ప్రోటీన్ వెళ్ళి ఎంజైమ్ జన్యువుల ముందు అడ్డుగా కూర్చుంటుంది. జైర్-1 జన్యువుకు కూడా అదే తాళం వేస్తుంది. విస్తరిలో పాయసం ఉండగా ఎండు చెరకు పిప్పి నమిలేవాడెవడు? ఇది ఈ ఒక్క బూజు చాదస్తం కాదు. చాలా శిలీంధ్రాల్లో ఇదే ఏర్పాటుంది. బాక్టీరియాలోనూ తేలికైన చక్కెరే ముందు ఖర్చవుతుందని ఫ్రాన్స్‌లో జాక్ మోనో 1940ల మొదట్లోనే చూపించాడు.

ఇప్పుడు పత్తి కట్టె కుప్ప దగ్గరికి రండి. బెల్లంలో చెరకు చక్కెరతో పాటు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉంటాయి. గుడారపు బూజుకైతే చెరకు చక్కెరను విరగ్గొట్టడమే చేతకాదు. కుప్పలోని ఇతర సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టి గ్లూకోజ్ చేస్తాయి. మనం బెల్లం నీళ్ళు పోశామంటే కుప్పలో ఉన్న ప్రతి జీవికీ "ఇవాళ కట్టె కొయ్యక్కర్లేదు, సెలవు" అని చాటింపు వేశామన్నమాట. రెండు రోజులు కుప్ప నురగ కక్కుతుంది, పులిసిన వాసన వస్తుంది. రైతు సంబరపడతాడు. పని మొదలైందనుకుంటాడు. జరిగింది బెల్లం కుళ్ళడమే. వారానికి మళ్ళీ బెల్లం పోస్తే మళ్ళీ సెలవు. మూడుసార్లు పోశాక కట్టె కట్టెలాగే ఉంటుంది. అప్పుడు అగ్గిపుల్ల బయటికి వస్తుంది.

"మరి శాస్త్రవేత్తలే బెల్లం కలపమన్నారు కదా!" ఈ ప్రశ్న న్యాయమైనదే. ఘజియాబాద్‌లోని జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం ఇచ్చిన వేస్ట్ డీకంపోజర్‌కు రెండు వందల లీటర్ల నీళ్ళలో రెండు కిలోల బెల్లం కలపమన్నారు. ఢిల్లీ పూసా సంస్థ వరి కొయ్యకాళ్ళ కోసం ఇచ్చిన డీకంపోజర్ గొట్టాలకూ బెల్లం, శనగపిండి ఉన్నాయి. కానీ ఆ బెల్లం డ్రమ్ములో సూక్ష్మజీవులను పెంచడానికి. డ్రమ్ములో రోజుల తరబడి ఉంచమన్నది అవి పెరగడానికే, ఆ లోపు బెల్లమూ చాలావరకు ఖర్చయిపోతుంది. మిరప నారుమడికి చేసే సేవ వేరు, నాటిన చేనుకు చేసే సేవ వేరు. నారుకు పోసినట్టు రోజూ చేనుకు నీళ్ళు పెడితే ఏమవుతుందో గుంటూరు జిల్లా రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. డ్రమ్ములో బెల్లం నారుమడి సేవ. కుప్ప మీద బెల్లం మాత్రం చేతులారా చేసుకునే చేటు. జీవామృతంలో బెల్లం సంగతి ఇక్కడ తేవద్దు. రెండు వందల లీటర్లలో కలిపి ఎకరమంతా పంచే ఆ కాస్త బెల్లానికి, కుప్ప మీద గుమ్మరించే బెల్లానికి పోలిక లేదు. జీవామృతం కట్టె కుళ్ళబెట్టే మందూ కాదు.

రెండో ఆక్షేపణ: "ట్రైకోడెర్మా వేస్తే మిరపలో ఎండు తెగులు తగ్గింది. అదే పొడి కట్టె మీద వేస్తే ఎందుకు పనిచెయ్యదు?" పేరు ఒకటైనంత మాత్రాన పని ఒకటి కాదు. తెగులు మీదికి పంపే ట్రైకోడెర్మాను ఎంచుకునేది పక్క శిలీంధ్రం మీద పడి దాని గోడను కరిగించే నేర్పు చూసి. ఆ గోడలో ప్రధానంగా ఉండేవి కైటిన్, గ్లూకాన్. కట్టె గోడలో ఉండేవి సెల్యులోజ్, లిగ్నిన్. పశువుల ఎరువు, వేపపిండిలో కలిపి, తడిగా నీడన వారం పది రోజులు మాగబెట్టి వేసే ఆ పొడి వేరు దగ్గర చేసే మేలు కాదనలేనిది. దాని చేతే కలప కూడా కోయించాలనడం మిరప కోసే ముఠాను తీసుకెళ్ళి తాటిచెట్టు నరకమనడం లాంటిది. ఏ ట్రైకోడెర్మా అయినా లిగ్నిన్ దగ్గర దాదాపు చేతులెత్తేస్తుంది. దాన్ని విప్పేవి తెల్లకుళ్ళు శిలీంధ్రాలు. మనం తినే ముత్యపు చిప్ప పుట్టగొడుగు ఆ వంశానిదే, పత్తి కట్టె ముక్కల మీద చక్కగా పెరుగుతుంది కూడా. దూదిలో లిగ్నిన్ లేదు కాబట్టి గుడారం త్వరగా చివికింది. అదే మొక్క కట్టెలో ఉంది కాబట్టి కట్టెకు కాలం పడుతుంది.

మూడో ఆక్షేపణ చదువుకున్నవాళ్ళది: "జన్యువులు మార్చి ఇంకా బలమైన బూజు తయారుచేస్తే సరి." ఆ పని ఎప్పుడో జరిగింది. అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1970ల చివర్లో రట్-సి30 అనే రకాన్ని తీశారు. గ్లూకోజ్ ఉన్నా అది ఎంజైమ్ తయారీని ఆపదు. ఎందుకా అని తరవాత తరచి చూస్తే క్రీ-1 జన్యువు తెగి ఉంది. పరిశ్రమ ముందుకు పోవాలంటే ఆ బ్రేకును విరగ్గొట్టాల్సి వచ్చిందంటేనే, మామూలు బూజులో ఆ బ్రేకు ఎంత గట్టిదో తెలుస్తోంది. మన పొలంలోని బూజుకు అది పదిలంగా ఉంది. దాని మీద బెల్లం పోసి, బ్రేకు లేని బండిలా పరుగెత్తమంటున్నాం. ఇక ఆ మార్చిన రకాలు పనిచేసేది గాలి, వేడి, ఆమ్లత గంటగంటకూ కొలిచే ఉక్కు తొట్లలో. 2022లో పానిపట్‌లో వరిగడ్డి నుంచి ఇథనాల్ తీసే ఇండియన్ ఆయిల్ కర్మాగారం మొదలైంది. అలాంటి చోట ఎంజైమ్ ఖర్చుకు అర్థం ఉంది. చేను గట్టు మీద లేదు.

పైగా ఎంజైమ్ చెయ్యమన్న ఆజ్ఞ ఒక్కటే సరిపోదు. తయారైన ప్రోటీన్ కణం లోపల సరిగా ముడుచుకోవాలి, చక్కెర గొలుసులు తగిలించుకోవాలి, చిన్న చిన్న సంచుల్లో ఎక్కి బూజు దారం కొసకు చేరి బయటపడాలి. దారి ఎక్కడైనా కిక్కిరిస్తే ఈ బూజు ఎంజైమ్ జన్యువుల నకళ్ళు తీయడమే తగ్గించేస్తుంది. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు పోటెత్తి, ఉన్న సరుకు కదలక, సెలవు ప్రకటించి రావద్దన్నట్టు. యార్డు గేటు దగ్గర ఇంకో వంద లారీలు నిలబెడితే సరుకు త్వరగా అమ్ముడవుతుందా? ఒక పొట్లానికి మూడు పొట్లాలు పోస్తే కట్టె మూడింతలు కుళ్ళదు. బూజు దారం కట్టె లోపలికి పాకడానికి చోటు, తడి, గాలి ఉంటేనే దాని కొసలు పెరుగుతాయి, కొసలు పెరిగితేనే ఎంజైమ్ బయటికి వస్తుంది.

ఇక అన్నిటికన్నా బలమైన వాదన గులాబీ రంగు పురుగుది. కట్టె కాలిస్తే పురుగు చస్తుందంటారు. ఇందులో సగం నిజం. పురుగు దాక్కునేది ముఖ్యంగా విచ్చని గుడ్డికాయల్లో, గింజల్లో. ఆ కాయలు ఏరి కాల్చండి, కాదనను. కానీ నిజమైన ముప్పు గట్టు మీద నెలల తరబడి పడి ఉండే కట్టె పోగు. కాలుద్దాంలే అని వదిలేసిన ఆ పోగే పురుగుకు ఇల్లు. డిసెంబరులో పంట ముగించి, కట్టెను అప్పటికప్పుడు ష్రెడ్డర్‌తో తునకలు చేసి నేలలో కలిపేస్తే పురుగుకు నిలవ నీడ ఉండదు. సరిగా వేసిన కంపోస్టు కుప్ప లోపల వేడి యాభై అయిదు డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి పురుగు బతకదు. కాలిస్తే మాత్రం కట్టెలోని నత్రజని, కర్బనం దాదాపు అంతా పొగైపోతాయి. సేంద్రియ కర్బనం అసలే తక్కువైన నేలకు మనం పిడికెడు బూడిద మిగులుస్తున్నాం. ఆపై ఆ నత్రజని కోసమే యూరియా బస్తాలకు వరసలో నిలబడుతున్నాం.

మరి ఏం చెయ్యాలి? బూజు అడిగేవన్నీ పాత సంగతులే. కట్టెను చిన్న ముక్కలు చేస్తే సెల్యులోజ్ బయటపడుతుంది, కాపలా ఎంజైమ్‌కు కొరికే చోటు దొరుకుతుంది. పిండితే చుక్క రాలీ రాలనంత తడి ఉండాలి. ప్రోటీన్ కట్టడానికి నత్రజని కావాలి, కట్టెలో అది తక్కువ, కాబట్టి పేడ నీళ్ళో కాస్త యూరియానో కలపాలి. గాలి ఆడటానికి కుప్ప తిరగెయ్యాలి. ఆ పైన ఓపిక. సాగర్ కుడి కాలువ నీళ్ళందే ఊళ్ళో గుంత వేసుకోవచ్చు. నీళ్ళకు కటకటలాడే ప్రకాశం మెట్టలో ఎండాకాలం కుప్ప తడపడం కుదరదు. అక్కడ తునకలు చేసి నేలలో కలిపి, తొలకరి కోసం ఆగడమే మార్గం. ఈ జాబితాలో బెల్లం లేదు. సీసా ఉండొచ్చు, చివర్లో, ఉప్పులా.

ఈ ప్రాంతం సీసాను నమ్మి ఒకసారి దారుణంగా దెబ్బతింది. 1987–88లో తెల్లదోమ పత్తిని పీల్చేస్తుంటే, ఒక మందు పనిచెయ్యకపోతే రెండు, రెండూ పనిచెయ్యకపోతే మూడు కలిపి కొట్టారు. దోమ పెరిగింది, అప్పు పెరిగింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఇవాళ సీసాలో విషం లేదు, నిజమే. కానీ "పోస్తే పని అవుతుంది, కాకపోతే ఇంకా పొయ్యి" అన్న ఆలోచన మాత్రం అదే. పురుగుకో బూజుకో సొంత లెక్కలుంటాయని అది ఒప్పుకోదు.

కాబట్టి రైతు సేవా కేంద్రాలు పంచాల్సింది సీసాలు కాదు, అద్దెకు ష్రెడ్డర్లు. పంట ముగిసే డిసెంబరులో నాలుగు ఊళ్ళకు ఒకటైనా తిరగాలి. పొట్లం మీద "సెల్యులోజ్‌ను కుళ్ళబెడుతుంది" అని అచ్చువేసేవాళ్ళు ఎంత తడిలో, ఎన్ని రోజుల్లో, ఏ సైజు ముక్కను కుళ్ళబెడుతుందో కూడా అచ్చువెయ్యాలి. అది చెప్పలేని పొట్లాన్ని కొనవద్దు.

నా మాట కూడా ఊరికే నమ్మవద్దు. తొలకరి పడ్డాక ఇంట్లో పాత నూలు పంచె ఒకటి చింపి రెండు ముక్కలు చెయ్యండి. అదే చేలో రెండు చోట్ల జానెడు లోతున పాతండి. ఒకదాని మీద రెండు మూడు రోజులకొకసారి బెల్లం నీళ్ళు పొయ్యండి, రెండోదాని మీద అదే కొలతకు ఉత్త నీళ్ళు. నెల తిరిగాక రెండూ తవ్వి తీయండి. ఏ ముక్క ఎక్కువ చివికిందో మీ వేళ్ళే చెబుతాయి. ఆ తరవాత అగ్గిపెట్టె తీయాలో వద్దో మీరే తేల్చుకోండి.